పొట్టి కామ సమ్మెట: 1962 నాటి థోర్ తొలి కథను తెలుగులో గీస్తున్న డైరీ

మొదటి వారం, సోమవారం

అమెరికా కామిక్కుల సంస్థ మార్వెల్ వారి 'జర్నీ ఇంటు మిస్టరీ' పత్రిక 83వ సంచిక 1962 ఆగస్టు నెల పేరుతో వెలువడింది. ఉత్తర ఐరోపావారి పాత నార్స్ పురాణాలలోని ఉరుముల దేవుడు థోర్ తొలిసారి ఆ సంస్థ సూపర్‌హీరోగా కనిపించిన 13 పేజీల కథ అందులోనే ఉంది. దానిని గడి గడిగా తిరిగి గీసి, తెలుగు మాటలు రాసి, ఆ కాలపు అచ్చు పద్ధతిలోనే రంగులు వేయాలని ఈ రోజు పని మొదలుపెట్టాను. ఇది పూర్తిగా నా చేతి అభ్యాసం. అచ్చుకూ కాదు, అమ్మకానికీ కాదు. చదివినప్పుడు కళ్ళకు అందని సంగతులు గీసేటప్పుడు వేళ్ళకు అందుతాయని పాత బొమ్మల మీద చేసిన కసరత్తుల వల్ల నాకు తెలుసు.

ఈ కథకు స్టాన్ లీ వస్తువు ఇవ్వగా ఆయన తమ్ముడు లారీ లీబర్ మాటలు రాశాడు. పెన్సిల్ బొమ్మలు జాక్ కర్బీవి, వాటి మీది సిరా జో సినాట్‌ది. స్పైడర్‌మాన్ కూడా అదే నెల వేరొక పత్రికలో పుట్టాడు. 'ఫెంటాస్టిక్ ఫోర్' వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, హల్క్ వచ్చి మూడు నెలలయింది. థోర్ అడుగుపెట్టిన పత్రిక మాత్రం అంతవరకూ వింత జంతువులతో, అంతరిక్షపు భూతాలతో నడిచినది. ఈ కథ పేరు కూడా 'శనిగ్రహపు రాతిమనుషులు' అన్న అర్థం వచ్చేదే గాని, అందులో దేవుడి ఊసే లేదు. నాకు ఆసక్తి కలిగించింది ఆ పేరే.

ఆ రోజులలో అచ్చు పేజీకి రెట్టింపు కొలతలో బొమ్మ గీసి, తగ్గించి అచ్చువేసేవారు. నా దగ్గరున్న ఏ3 డ్రాయింగ్ షీటు దానికి కాస్త చిన్నదే అయినా అభ్యాసానికి సరిపోతుంది. 13 షీట్లకూ అంచుగీతలు గీసి, గడులు విభజించి పెట్టుకున్నాను.

మొదటి వారం, శుక్రవారం

మూడు పేజీలకు పెన్సిల్ పని పూర్తయింది. నార్వే తీరంలో రాతిమనుషుల నౌక దిగడం, ఒక ముసలి జాలరి వాళ్ళను చూసి ఊళ్ళో చెప్పడం, ఎవరూ నమ్మకపోవడం, అక్కడికి సెలవులకు వచ్చిన డొనాల్డ్ బ్లేక్ అనే అమెరికన్ డాక్టరు ఆ మాటలు వినడం ఇంతవరకూ వచ్చాయి. బ్లేక్ ఒక కాలు ఈడుస్తూ చేతికర్రతో నడిచేవాడు, సన్నని మనిషి. మర్నాడు ఒంటరిగా వెళ్ళి రాతిమనుషుల కంటపడి, పారిపోతూ చేతికర్రను పోగొట్టుకుని, ఒక గుహలో దూరతాడు.

ఆ గుహ ఘట్టాన్ని గీస్తున్నప్పుడు కర్బీ పనితనం ముందు కాసేపు పెన్సిల్ పక్కన పెట్టవలసి వచ్చింది. గుహకు రెండవ దారి ఉంది గాని దానికి పెద్ద బండ అడ్డుగా ఉంది. గోడకు ఆనుకోగానే రహస్యపు గది తెరుచుకుంటుంది, అందులో ముడులు పడిన పాతకర్ర దొరుకుతుంది. బ్లేక్ మొదట చేసేది మంత్రం చదవడమో ప్రార్థించడమో కాదు, ఆ కర్రను గునపంలా బండ కింద పెట్టి ఎత్తడానికి ప్రయత్నించడం. అది కదలకపోయేసరికి విసుగుతో కర్రను బండకేసి కొడతాడు. వరం తపస్సుకు దక్కలేదు, ఉక్రోషానికి దక్కింది. మన పురాణాలలో ఎంత తేలికగా వరాలు కురిసినా, ఇంత పొరపాటున ఎవరికీ దొరికినట్టు నాకు గుర్తు లేదు.

రెండవ వారం, మంగళవారం

మొదటి దెబ్బ తగిలింది. బొమ్మలన్నీ సిరాతో దిద్దిన తరువాత మాటలు రాద్దామని కూర్చుంటే, రెండవ పేజీలో జాలరి ముఖం సగం మాటల బుడగ కిందికి పోయింది.

తప్పు నాదే. ఇంగ్లీషు కామిక్కులలో మాటలన్నీ పెద్దబడి అక్షరాలలో రాస్తారు. వాటికి ఎత్తు ఒకటే, పైకి గాని కిందికి గాని చాచుకునేది ఏదీ ఉండదు, అందువల్ల వరుసలను దగ్గరగా పేర్చవచ్చు. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు ఉంటాయి. 'రాక్షసుల్ని' అని ఒక్క మాట రాస్తే మూడు అంతస్తులు లేస్తాయి. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకకూడదంటే ఇంగ్లీషులో నాలుగు వరుసలు పట్టిన చోట తెలుగులో మూడే పడతాయి. మాట చిన్నదే, స్థలం మాత్రం ఎక్కువ కావాలి.

అప్పటి పద్ధతిలో పెన్సిల్ పేజీ మీద ముందు అక్షరాలు రాసి, ఆ తరువాతే సిరా పని మొదలుపెట్టేవారు. ఆ వరుస ఎందుకు పెట్టుకున్నారో ఇప్పుడు అర్థమైంది. రెండవ పేజీని కొత్త షీటు మీద మళ్ళీ మొదలుపెట్టాను. ఇకపై మాటలే ముందు. అక్షరం ఎత్తు 5 మిల్లీమీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య మరో 5 మిల్లీమీటర్ల ఖాళీ అని లెక్క పెట్టుకున్నాను. రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి వచ్చే మాటలను వీలైనంతవరకు బుడగలోని చివరి వరుసకు నెట్టేస్తున్నాను. ఇది వ్యాకరణం చెప్పే నియమం కాదు, పొట్ట చాలక పెట్టుకున్న నియమం.

రెండవ వారం, శనివారం

రెండు రోజులు ఒక్క మాట దగ్గరే గడిచాయి. కర్ర బండకు తగలగానే మెరుపు మెరిసి, కర్ర థోర్ ఆయుధంగా మారుతుంది. ఆ ఆయుధాన్ని తెలుగులో ఏమనాలి?

సుత్తి అనడానికి వీలు లేదు. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' వచ్చి, వీరభద్రరావుకూ వేలుకూ ఆ మాట ఇంటిపేరై కూర్చున్న తరువాత తెలుగువాడి చెవికి సుత్తి అంటే పనిముట్టు కంటే ముందు విసిగించే కబుర్లే వినిపిస్తాయి. బండ పగిలి, మెరుపు చీల్చుకుని దేవుడు లేచి నిలబడి 'ఇదిగో నా సుత్తి' అంటే చదివేవాడు నవ్వకుండా ఉండడు. గద అంటే భీముడూ ఆంజనేయుడూ వచ్చి నిలబడతారు. పైగా గద ఆకారం వేరు. వజ్రాయుధం అనాలని చాలా ఆశపడ్డాను. ఉరుముల దేవుడు, పాముతో పోరాటం, చేతిలో పిడుగు లాంటి ఆయుధం, ఇవన్నీ ఇంద్రుడికీ థోర్‌కూ పోలికలే. కాని ఆ మాట పెడితే కథ నార్వే నుంచి లేచి అమరావతికి వెళ్ళిపోతుంది. దధీచి వెన్నెముక కూడా వెంటపడి వస్తుంది. వద్దనుకున్నాను.

మిగిలింది సమ్మెట. కమ్మరి మాట, బరువున్న మాట, వాడుకలో ఉన్న మాట. కాని బొమ్మలో ఉన్నది పొట్టి కామ (పిడి) ఉన్న ఆయుధం. అనుమానం తీరక మా వీధి చివర కొలిమి పెట్టుకున్న పెద్దాయనకు గీసిన పేజీ చూపించాను.

"ఇది సమ్మెటెట్టా అవుద్ది బాబూ? సమ్మెటంటే రెండు చేతులూ పట్టాలిగా. ఇంత పొట్టి కామ పట్టుకుని కొడితే ముందు వేళ్ళు పోతాయి" అన్నాడు.

కామ పొట్టిదవడానికి పాత నార్స్ కథలలో కారణం ఉందని చెప్పాను. ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో రాసిన ఎడ్డా అనే నార్స్ పురాణ గ్రంథంలో, సింద్రి అనే మరుగుజ్జు కమ్మరి ఇనుము కాలుస్తుంటే అతడి సోదరుడు బ్రోక్ తిత్తి ఊదుతుంటాడు. వాళ్ళతో కట్టిన పందెం చెడగొట్టాలని లోకి అనే టక్కరి దేవుడు ఈగ రూపంలో వచ్చి ముందు చేతి మీద, తరువాత మెడ మీద కుడతాడు, బ్రోక్ చలించడు. మూడవసారి కనురెప్ప మీద కుట్టేసరికి నెత్తురు కంట్లోకి కారి, ఈగను తోలడానికి ఒక్క క్షణం తిత్తి వదులుతాడు. ఆ క్షణానికి శిక్షగా కామ పొట్టిదయిపోయింది.

పెద్దాయన నవ్వుతాడనుకున్నాను. "తిత్తి ఆగితే ఇనుము చెడుద్ది, అది నిజమే" అని ఒప్పుకున్నాడు. "అయితే సమ్మెటే అనుకో. చెడిన సమ్మెట."

సమ్మెట అనే ఖాయం చేశాను.

మూడవ వారం, బుధవారం

ఇప్పటివరకూ చేసిన పనిలో పెద్ద తప్పు ఇదే, దీని గురించి కొంచెం వివరంగా రాసుకోవాలి.

థోర్ నోటివెంట వచ్చే మాటలను నేను ఐదు పేజీల మేర పౌరాణిక నాటకాల ధోరణిలో రాశాను. 'ఓరీ శిలాధములారా, మీ దర్పమును ఇప్పుడే అణచెదను' వంటి వాక్యాలు కలం నుంచి వాటంతటవే జారాయి. దేవుడు కనిపిస్తే గ్రాంథికం మాట్లాడాలనేది మనకు రంగస్థలమూ సినిమా కలిసి నేర్పిన అలవాటు. పైగా థోర్ అంటే ఇంగ్లీషు పాఠకులకు గుర్తొచ్చేది కూడా షేక్‌స్పియర్ కాలపు భాషను తలపించే బడాయి ధోరణే. కాబట్టి నా ఎంపిక సహజమేననుకున్నాను.

నిన్న రాత్రి మూలాన్ని పక్కన పెట్టుకుని వరుసగా చదివితే, ఈ తొలి కథలో థోర్ అలా మాట్లాడనే మాట్లాడడని తేలింది. ఆ పాత ధోరణి తరువాతి సంవత్సరాలలో వచ్చి చేరినది. ఇక్కడ ఒళ్ళు దేవుడిది, బుద్ధి డాక్టరు బ్లేక్‌ది. కొత్త శరీరాన్ని అతడు డాక్టరులాగే పరీక్షిస్తాడు: బండ లేపి చూస్తాడు, సమ్మెట విసిరి అది తిరిగి చేతికి వస్తుందా అని చూస్తాడు, ఎన్నిసార్లు నేలకు తాటిస్తే ఏమవుతుందో చూస్తాడు, అది 60 సెకన్లు చేతిని వదిలితే తాను మళ్ళీ బ్లేక్ అయిపోతున్నాడని కనిపెడతాడు. ఇదంతా ఆసుపత్రిలో కొత్త యంత్రం వచ్చినప్పుడు డాక్టర్లు చేసే పనిలా ఉంది గాని, స్వర్గం నుంచి దిగిన యోధుడి ప్రవర్తనలా లేదు.

ఈ కథలో నార్స్ దేవలోకమైన అస్గార్డ్ లేదు, థోర్ తండ్రి ఓడిన్ లేడు, లోకి లేడు. అస్గార్డ్, ఇంద్రధనుస్సు వంతెన, చెట్టులో బంధించబడిన లోకి, ఇవన్నీ 85వ సంచికలో వచ్చాయి. నార్స్ పురాణాన్ని నేరుగా చెప్పే ఐదేసి పేజీల 'టేల్స్ ఆఫ్ అస్గార్డ్' 97వ సంచికతో, 1963 అక్టోబరులో మొదలైంది. పత్రిక పేరే 'థోర్'గా మారింది 1966 మార్చిలో, 126వ సంచికతో. అసలు బ్లేక్ అనే మనిషి లేనే లేడని, కొడుకుకు వినయం నేర్పడానికి ఓడిన్ కల్పించిన రూపమే అతడని చెప్పి లెక్క సరిచేసింది 1968 చివర, 159వ సంచికలో. ఆ తరువాతి పొరలన్నీ తెలిసి ఉండడం వల్ల వాటిని వెనక్కి తెచ్చి మొదటి కథ మీద పూశాను. మూలంలో లేని పురాణాన్ని నా తెలుగు అరువిస్తోంది.

ఐదు పేజీల మాటలూ తెల్లరంగుతో చెరిపాను. రెండు షీట్లు చిరిగాయి. కొత్తగా రాసినవి ఇలా ఉన్నాయి: 'ఇదేమిటి, ఇంత బండ దూదిలా లేచింది?' 'నా కాలు... కుంటడం లేదు.' ఈ రెండవ వాక్యం మూలంలోని ఏ వాక్యానికీ అనువాదం కాదు, ఆ గడిలోని భంగిమను చూసి నేను చేర్చినది. అభ్యాసం నాది కాబట్టి ఆ స్వేచ్ఛ తీసుకున్నాను.

మూడవ వారం, ఆదివారం

ఎనిమిదవ పేజీ నుంచి యుద్ధం. నాటో విమానాలను రాతిమనుషులు గాలిలో భయంకర రూపాల బొమ్మలు చూపించి బెదరగొట్టడం, థోర్ రావడం, వాళ్ళు ఒక యంత్రభూతాన్ని అతడి మీదికి వదలడం, అతడు దాన్ని పొడిపొడి చేయడం. గీయడానికి సరదాగా ఉంది గాని రాసుకోవలసిందేమీ లేదు.

ఒక పోలిక మాత్రం రాసుకుంటాను. స్నోరి ఎడ్డాలోనే హ్రుంగ్నిర్ అనే రాక్షసుడు ఉన్నాడు. అతడి గుండె రాయి, తల రాయి, డాలు రాయి, ఆయుధం కత్తులు నూరే సానరాయి. థోర్‌తో ద్వంద్వయుద్ధానికి వచ్చేటప్పుడు రాక్షసులు అతడికి తోడుగా తొమ్మిది ఆమడల ఎత్తున మట్టిభూతాన్ని చేసి, దానికి ఆడగుర్రం గుండె పెట్టారు. థోర్‌ను చూడగానే ఆ మహాకాయం భయంతో తడుపుకుంది. రాతిమనిషి ఒకవైపు, చేసిపెట్టిన భూతం ఒకవైపు, విసిరిన సమ్మెట నడుమ: 1962 కథలోని యుద్ధంలోనూ ఇదే అమరిక ఉంది. చూసి తీసుకున్నారని వాదించడానికి ఇది చాలదు. అంతరిక్షపు భూతాల కథలు గుట్టలుగా గీసిన కర్బీకి రాతిమనుషులు కొత్త కాదు. అయితే అతడికి థోర్ కూడా కొత్త కాదు. 1957లోనే మరొక సంస్థ పత్రికకు థోర్ సమ్మెట మామూలు మనిషికి దొరికే చిన్న కథ గీశాడు.

పాత కథ ముగింపే నాకు ఎక్కువ ఇష్టం. చచ్చిపడిన హ్రుంగ్నిర్ కాలు థోర్ మెడ మీద పడి, దేవతలెవరూ దాన్ని కదపలేకపోతే, మూడు రాత్రుల వయసున్న అతడి కొడుకు మాగ్ని వచ్చి తీసి పక్కన పడేస్తాడు. సానరాయి ముక్క మాత్రం థోర్ తలలోనే ఉండిపోయింది. కామిక్ థోర్‌కు గీత కూడా పడదు.

నాలుగవ వారం, గురువారం

రంగులు మొదలుపెట్టింది గురువారం కావడం యాదృచ్ఛికమే. రోమన్లకు జూపిటర్ వారమైన ఈ రోజును ఉత్తర ఐరోపావారు థోర్ వారం చేసుకున్నారు, మనం బృహస్పతికి ఇచ్చాము. ఆ గ్రహమే జూపిటర్ కాబట్టి లెక్క ఎటు తిరిగినా కలుస్తుంది.

అప్పటి అచ్చులో నీలం, ఎరుపు, పసుపు ఒక్కొక్కటీ నాలుగు మెట్లలోనే దొరికేవి: అసలు లేకపోవడం, 25 శాతం, 50 శాతం, పూర్తిగా. నాలుగును మూడుసార్లు గుణిస్తే 64 రంగులు, అంతే. చుక్కలుగా అచ్చయ్యే ఆ మెట్లను బ్రష్షుతో తేవడం కుదరదు కాబట్టి, చుక్కల జల్లెడలా కోసుకున్న ప్లాస్టిక్ రేకు మీద స్పాంజితో అద్దుతున్నాను. మొదటి ప్రయత్నంలో బ్లేక్ ముఖానికి మశూచి సోకినట్టు వచ్చింది. రంగును ఇంకాస్త పలచన చేసి, స్పాంజిని ముందు పాత పత్రిక మీద రెండుసార్లు అద్ది తరువాత బొమ్మ మీద పెడితే సరిపోయింది.

థోర్ జుట్టుకు పూర్తి పసుపు, అంగీ దుప్పటికి పూర్తి ఎరుపు, పూర్తి పసుపు కలిపి. ఇక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నార్స్ థోర్‌ది ఎర్రగడ్డం. కర్బీ థోర్ గడ్డం లేని బంగారు జుట్టు కుర్రవాడు, శిరస్త్రాణానికి రెక్కలు. ఆ రెక్కలు కూడా నాటి నార్స్ సముద్రయోధులైన వైకింగులవి కావు, 19వ శతాబ్దపు చిత్రకారుల ఊహ. మార్చాలనిపించలేదు. ఎర్రగడ్డం పెడితే బ్లేక్ ముఖం దాని వెనక దాగిపోతుంది, ఈ కథకు ఆ ముఖం కావాలి.

పిడుగు గడిలో 'ఫెళ్' అని అడ్డంగా రాశాను. 'ఫెళఫెళ' అంటే రెండు దెబ్బలవుతాయి, ఇక్కడ ఒక్కటే. ఉరిమినప్పుడల్లా అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ అని మా నాయనమ్మ చేత చెప్పించుకుంటూ దుప్పటిలో దూరిన ఇంట్లోనే కూర్చుని, పిడుగును పిలిచేవాడి బొమ్మకు రంగు వేస్తుంటే కొంచెం వింతగా ఉంది.

ఐదవ వారం, మంగళవారం

ఒక్క గడి మిగిలింది. సమ్మెట పక్కన చెక్కిన వాక్యం: దీన్ని పట్టినవాడు అర్హుడైతే థోర్ శక్తి అతడిదవుతుందని. ఇంగ్లీషులో ఆ వాక్యానికి మాత్రమే పాతకాలపు వ్యాకరణం వాడారు. చుట్టూ ఉన్న మాటలన్నీ వాడుక భాష. చెరిపేసిన గ్రాంథికానికి చోటు ఇక్కడ దొరికింది. ఇది ఎవరి మాటా కాదు, శాసనం.

శాసనమంటే ఇంకొకటి గుర్తొచ్చింది. వైకింగులు మెడలో వేసుకున్న చిన్న సమ్మెట బిళ్ళలు వేయికి పైగా దొరికాయి. అవి నిజంగా సమ్మెటలేనా అని పండితులు తర్జనభర్జన పడుతుండగా, 2014లో డెన్మార్క్‌లోని కోబెలేవ్‌లో దొరికిన బిళ్ళ మీద పాత ఉత్తర ఐరోపా లిపి అయిన రూనిక్‌లో 'ఇది సమ్మెట' అని రాసి ఉంది. అర్హత ఊసు లేదు, శక్తి ఊసు లేదు. రాసినవాడు ఆ మాటలోనూ ఒక అచ్చును (స్వరాన్ని) వదిలేశాడు.

నా గడిలో చోటు నాలుగు వరుసలకే ఉంది. 'ఈ సమ్మెట చేబూనువాఁడు అర్హుఁడగునేని థోరుని బలము వానిదగును' అని అరసున్నలతో సహా పెన్సిల్‌తో రాశాను. మూడవ వరుసలోని 'థోరుని' కొమ్ము ఫలకం అంచును తాకుతోంది. రేపు ఉదయం వెలుతురులో అర మిల్లీమీటరు పైకి జరిపి సిరా వేస్తాను.